ఫైళ్లన్నిటికీ కొత్త తోక వచ్చింది, ఏదీ తెరుచుకోవడం లేదు – గుంటూరు డీటీపీ షాపు

శుభలేఖల షాపు, గుంటూరు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అరండల్‌పేటలో 14 ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు మా పని. ఇవాళ పొద్దున షాపు తెరిచి సిస్టమ్ వేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పేజ్‌మేకర్, కోరెల్, ఫొటోలు, చివరికి మా అమ్మాయి మార్కుల జాబితా కూడా. ప్రతి ఫైలు పేరు చివర నాలుగు అక్షరాల కొత్త తోక ఉంది. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైలు. అందులో 980 డాలర్లు కట్టాలని, 72 గంటల్లోపు మెయిల్ చేస్తే 490కి ఇస్తామని ఉంది.

జరిగింది దాచకుండా చెబుతాను. శనివారం రాత్రి మా అన్నయ్య కొడుకు ఒక ఫొటో సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకోనిచ్చే దొంగ ప్రోగ్రామ్) వేశాడు. ముందు యాంటీవైరస్ ఆపేయమని వీడియోలో చెప్పారట, ఆపేశాడు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ లాంటి స్క్రీన్ వచ్చిందట. నిజమైన అప్‌డేట్ అనుకుని అలాగే వదిలి ఇంటికి వచ్చేశాడు. పొద్దున్నుంచి వాడు అన్నం ముట్టలేదు.

తొమ్మిది శుభలేఖలు ఈ వారంలో ఇవ్వాలి. ఒక పెళ్లి ఇంకా 11 రోజులే ఉంది. పక్క షాపు వాళ్లు ఫార్మాట్ కొట్టించెయ్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

గవర్నర్‌పేట హార్డ్‌వేర్, విజయవాడ
సోమవారం, రాత్రి 9:52

అన్నా, ముందు నెట్ వైరు పీకేయండి. వైఫై ఆపండి. సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ ఏమున్నా తీసేయండి. రెండో సిస్టమ్ ఫోల్డర్లు దీంతో షేర్ అయి ఉంటే దాని వైరు కూడా. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఫార్మాట్ మాత్రం కొట్టించకండి. 2019 వేసవిలో ఒక లెక్చరర్ గారు ల్యాప్‌టాప్ తెచ్చారు, అచ్చం ఇలాగే. నేను వైరస్ అన్నాను, ఫార్మాట్ చేసి శుభ్రంగా ఇచ్చాను. ఆయన పీహెచ్‌డీ రాత అంతా అందులోనే ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఎమ్‌సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు ఆ వైరస్ కుటుంబంలో 148 రకాలకు తాళం విప్పే సాఫ్ట్‌వేర్ ఉచితంగా విడుదల చేశారు. ఆయనకు ఫోన్ చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. విప్పుకోవడానికి ఆ ఫైళ్లే లేవు, నేనే చెరిపేశాను.

లాగ్‌బుక్
సోమవారం, రాత్రి 10:15

శుభలేఖల షాపు గారూ, మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే వైరస్ కుటుంబం. 2018 నుంచి తిరుగుతోంది. పెద్ద కంపెనీల కన్నా ఇళ్లూ, చిన్న షాపులూ దీనికి ఎక్కువగా దొరుకుతాయి, ఎందుకంటే ఇది వచ్చే దారి క్రాక్‌లు, దొంగ లైసెన్సు నంబర్లు ఇచ్చే కీజెన్‌లు, విండోస్ యాక్టివేటర్లు. ఆ 980, 490 లెక్క, 72 గంటల గడువు, దొంగ అప్‌డేట్ స్క్రీన్ అన్నీ దాని పద్ధతే. అప్‌డేట్ స్క్రీన్ చూపించేది మీరు కదలకుండా కూర్చోవడానికి. ఆ వెనకాల ఫైళ్లకు తాళాలు పడుతుంటాయి.

ఇందులో రెండు పనులున్నాయి, వాటిని కలిపేస్తేనే నష్టం. వైరస్‌ని తీసేయడం ఒక పని, అది తేలిక. ఫైళ్లు తిరిగి తెచ్చుకోవడం ఇంకో పని, కష్టం. వైరస్ పోయినంత మాత్రాన తాళాలు ఊడవు. అందుకే ముందు హార్డ్‌డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌కి క్లోన్ చేయించండి. తాళం పడిన ఫైళ్లూ, రీడ్‌మీ ఫైలూ ఏదీ పారేయొద్దు.

తర్వాత సీ డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్ చూడండి. అందులో పర్సనల్‌ఐడీ అనే ఫైలు ఉంటుంది. అందులోని వరుస చివర ఏ అక్షరాలున్నాయో చెప్పండి. టీ1 తో ముగిసిందా లేదా అన్నది చాలా ముఖ్యం.

ఇంకొకటి, ఈ రాత్రే చేయాల్సింది. ఈ రకం చాలాసార్లు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ఇంకో ప్రోగ్రామ్‌ని కూడా వెంట తెస్తుంది. క్రోమ్‌లో సేవ్ చేసుకున్న మెయిల్, నెట్ బ్యాంకింగ్, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లన్నీ ఇప్పటికే బయటికి పోయాయనుకోండి. ఫోన్‌లోంచి మార్చండి, ఆ సిస్టమ్ నుంచి కాదు. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అనే ఆప్షన్ కూడా నొక్కండి, లేకపోతే పాస్‌వర్డ్ మార్చినా పాత లాగిన్‌తో లోపల ఉండగలరు.

శుభలేఖల షాపు, గుంటూరు
సోమవారం, రాత్రి 11:30

వైర్లు పీకేశాను. పాస్‌వర్డ్‌లు మార్చాను, మా వాడు పక్కన కూర్చుని చేయించాడు. ఐడీ ఫైలులో రెండు వరుసలున్నాయండీ. ఒకటి టీ1 తో ముగిసింది, రెండోది కాదు. శనివారం రాత్రి మాకు కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ యూపీఎస్ మీద ఉంటుంది, రూటరుకి యూపీఎస్ లేదు.

లాగ్‌బుక్
సోమవారం, రాత్రి 11:48

అయితే కొంచెం ఆశ ఉంది. ఈ వైరస్ తాళం వేసే ముందు దొంగల సర్వర్‌ని అడిగి మీ ఒక్కరికే ప్రత్యేకమైన తాళం తెచ్చుకుంటుంది. సర్వర్ అందకపోతే తనలోనే ఉన్న తాళం వాడుతుంది. ఆ లోపలి తాళం ఆ రకం బారిన పడిన అందరికీ ఒకటే, టీ1 అంటే అదే. అందరికీ ఒకటే కాబట్టి దాని తాళంచెవి ఎక్కడో ఒకచోట బయటపడితే అందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. నెట్ లేని ఆ కాసేపట్లో తాళం పడినవి దాని కిందికి వస్తాయి. రెండో వరుస కింద పడినవాటికి ఇప్పుడు దారి లేదు, ఉందని ఆశపెట్టలేను.

ఎమ్‌సీసాఫ్ట్ వారి స్టాప్ డిక్రిప్టర్ (తాళం విప్పే సాఫ్ట్‌వేర్) వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి. నో మోర్ రాన్సమ్ సైటు నుంచి వెళ్లినా సరే. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి పెట్టిన సైటు అది, పూర్తిగా ఉచితం. యూట్యూబ్‌లో కనిపించే డిక్రిప్టర్ల జోలికి వెళ్లొద్దు. 2020లో ఇదే స్టాప్‌కి విరుగుడు అని చెప్పి ఒక దొంగ డిక్రిప్టర్ వచ్చింది, తాళం పడిన ఫైళ్లకే మళ్లీ ఇంకో తాళం వేసింది.

బడి కంప్యూటర్ ల్యాబ్, విజయవాడ
మంగళవారం, ఉదయం 7:05

నేను హైస్కూలులో కంప్యూటర్ చెబుతాను. పిల్లలు ఒక ప్రశ్న అడుగుతుంటారు. తాళం వేసిన ప్రోగ్రామ్ మన సిస్టమ్‌లోనే ఉంది కదా, దాన్ని విప్పి చూస్తే తాళంచెవి దొరకదా సార్ అని. నేను గుడి హుండీతో చెబుతాను. ఎవరైనా వచ్చి అందులో డబ్బు వేయగలరు, తీయాలంటే మాత్రం తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. వైరస్ మన సిస్టమ్‌కి తెచ్చేది హుండీని మాత్రమే. తాళంచెవి దొంగల దగ్గరే ఉంటుంది. అది ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో వేసే 2048 బిట్ల తాళం. ఒక్కో అంకె ప్రయత్నించి తీయడం ఇప్పుడున్న ఏ కంప్యూటర్‌కీ సాధ్యం కాదు.

ఇది మా ల్యాబ్‌లో ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి తానే పాకుతుందా? 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ రోజులు బాగా గుర్తు.

లాగ్‌బుక్
మంగళవారం, ఉదయం 7:40

హుండీ పోలిక బాగుంది మాస్టారూ, ఇకపై నేనూ అదే చెబుతాను. వన్నాక్రై వేరు. దానికి మనిషి ఏదీ నొక్కనక్కర్లేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపం పట్టుకుని ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి తానే దూకేది. సుమారు 150 దేశాలకు పాకింది. బాధ ఏమిటంటే మైక్రోసాఫ్ట్ దానికి మందు అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల పాటు అప్‌డేట్ చేయనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. ఈ స్టాప్ అలా దూకదు. కానీ నెట్‌వర్క్‌లో డ్రైవ్‌గా కలిపి ఉన్న ఫోల్డర్ కనిపిస్తే అందులోని ఫైళ్లనూ వదలదు. ల్యాబ్‌లో టీచర్ సిస్టమ్ ఫోల్డర్ అందరికీ రాసే హక్కుతో షేర్ చేసి ఉంటే ఇవాళే మార్చండి.

మిర్చియార్డు లెక్కలు, గుంటూరు
మంగళవారం, ఉదయం 10:20

అన్నయ్యా, మీ బాధ నాకు తెలుసు. నేను యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ల కిందట మాకూ ఇలాగే అయింది, కానీ దారి వేరు. ఓనర్ గారు ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవాలన్నారు. సిస్టమ్‌లు చూసే అబ్బాయి రూటరులో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి పెట్టాడు. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన 123. అంతే. ఒక ఆదివారం రాత్రి ఎవరో లోపలికి వచ్చారు. మనిషే వచ్చాడు అన్నమాట, కూర్చుని యాంటీవైరస్ తీసేసి మరీ తాళం వేసి వెళ్లాడు. బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను. ఆ బ్యాకప్ డిస్క్ 24 గంటలూ సిస్టమ్‌కే గుచ్చి ఉండేది. అదీ పోయింది.

సీజన్ మధ్యలో రైతుల బాకీ లెక్కలు లేకుండా కూర్చున్నాను. ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఎవరికి ఎంత ఇచ్చాం, ఎంత ఇవ్వాలి, ఏదీ లేదు. ఒక పెద్దాయన పొన్నూరు వైపు నుంచి వచ్చి, నా డబ్బు సంగతి ఏమిటమ్మా అని అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బు కట్టలేదు మేము. జీఎస్‌టీ పోర్టల్‌లో మేం దాఖలు చేసిన రిటర్నులన్నీ ఉన్నాయి, అవి దించాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు తీశాను. తక్‌పట్టీల (రైతులకిచ్చే అమ్మకం చీటీల) రెండో కాపీలు గోనెసంచిలో కట్టి ఉంచిన అలవాటు మమ్మల్ని బతికించింది. నేనూ ఇంకో అమ్మాయీ 40 రోజులు రాత్రి తొమ్మిది దాకా కూర్చుని మళ్లీ ఎక్కించాం.

మీరూ అదే ఆలోచించండి. మీ ఫైలు మీ దగ్గరే కాదు, ఇంకా ఎవరెవరి చేతికి వెళ్లింది?

ఆటోనగర్ స్పేర్స్, విజయవాడ
మంగళవారం, ఉదయం 11:02

నాది వేరే మాట. 490 డాలర్లంటే 40 వేల పైమాటే. తొమ్మిది పెళ్లిళ్ల వాళ్లతో మాట పోతే 14 ఏళ్ల పేరు పోతుంది. కట్టేసి ఫైళ్లు తెచ్చుకోవడమే మేలేమో. 72 గంటలు దాటితే రెట్టింపు అవుతుంది కూడా.

ఎల్‌ఎల్‌బీ బెజవాడ
మంగళవారం, ఉదయం 11:35

స్పేర్స్ గారూ, మీ ఆందోళన అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. డబ్బు తీసుకున్నాక తాళంచెవి ఇస్తారన్న హామీ ఎవరిస్తారు? ఇవ్వకపోతే ఎవరి మీద కేసు వేస్తాం? ఒకసారి కట్టినవాడు మళ్లీ కడతాడని కూడా వాళ్లకు తెలుస్తుంది.

శుభలేఖల షాపు గారూ, ఫిర్యాదు ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఇవ్వొచ్చు. రీడ్‌మీ ఫైలు, స్క్రీన్ ఫొటోలు, వాళ్ల మెయిల్ చిరునామాలు జతచేయండి. ఇది ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. బ్యాంకు ఖాతాలోంచి రూపాయి కదిలినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కంపెనీలు నడిపేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది గమనించిన ఆరు గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. క్రాక్ వేశాం కదా అని భయపడి ఫిర్యాదు మానేయకండి.

గవర్నర్‌పేట హార్డ్‌వేర్, విజయవాడ
మంగళవారం, మధ్యాహ్నం 12:10

మేం విప్పిస్తాం అని ప్రకటనలిచ్చే డేటా రికవరీ వాళ్ల సంగతి కూడా చెప్పాలి. టీ1 కాని ఫైళ్లను ఎవరూ విప్పలేరు. విప్పుతాం అన్నారంటే వాళ్లే దొంగలతో బేరమాడి, దాని మీద తమ లాభం వేసుకుని మీ దగ్గర వసూలు చేస్తారు. మా లైనులోనే ఇలాంటివాళ్లు ఉన్నారు, నాకు కోపం వస్తుంది.

అన్నా, డిస్క్ తీసుకుని మా షాపుకి రండి, క్లోన్ చేసిస్తాను. దానికి డబ్బులేమీ వద్దు.

బెంజిసర్కిల్ స్టూడియో, విజయవాడ
మంగళవారం, మధ్యాహ్నం 2:45

మా పెళ్లి వీడియోలు ఇదే వైరస్‌తో పోయాయి. చాలావరకు తిరిగి వచ్చాయి, అందుకే రాస్తున్నాను. ఈ వైరస్ తొందర మీద ఉంటుంది. పెద్ద ఫైలు మొత్తానికి తాళం వేయదు, మొదటి 150 కేబీ వరకే వేస్తుంది. ఒక జీబీ వీడియోలో 150 కేబీ ఎంత? అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లతో తీసిన ఒక మంచి వీడియోని నమూనాగా ఇస్తే మీడియా రిపేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తలభాగాన్ని మళ్లీ కట్టి ఇస్తుంది. ఎంపీ4, ఎంఓవీ, ఎంపీ3 లాంటివాటికి పనిచేసింది. పెద్ద జిప్ ఫైళ్లలో కూడా మొదట్లోవి పోయినా వెనకున్నవి బయటికి తీయొచ్చు. చిన్న ఫైళ్లకు మాత్రం కుదరదు. 150 కేబీ లోపు వర్డ్ ఫైలంటే మొత్తం పోయినట్టే.

శుభలేఖల షాపు, గుంటూరు
గురువారం, రాత్రి 10:05

రెండు రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి. బుధవారం పొద్దున బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్లాను. ఆ అన్న నిజంగానే రూపాయి తీసుకోలేదు, మధ్యాహ్నం భోజనం కూడా పెట్టించారు. క్లోన్ చేసి, అసలు డిస్క్ కవర్లో చుట్టి నా చేతికిచ్చారు.

క్లోన్ మీద డిక్రిప్టర్ నడిపాం. టీ1 కింద పడిన 612 ఫైళ్లు తెరుచుకున్నాయి. అన్నీ పాత బిల్లు పుస్తకాల ఫైళ్లే. తొమ్మిది శుభలేఖల్లో ఒక్కటీ లేదు.

మిర్చియార్డు చెల్లెమ్మ అడిగిన ప్రశ్న బస్సులో వస్తూ ఆలోచించాను. ఫైలు ఇంకా ఎవరి చేతికి వెళ్లింది అని. ప్రూఫులు వాట్సాప్‌లో పార్టీలకు పంపుతాం కదా. ఆరింటి పీడీఎఫ్‌లు నా ఫోన్‌లోనే ఉన్నాయి, నేనే చూసుకోలేదు. వాటిలో నాలుగింటికి ప్రూఫు ఖాయమైంది కాబట్టి అలాగే అచ్చు ప్లేట్లకు పంపేశాను. రెండింటిలో మార్పులున్నాయి. అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటరు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తాయి, కాబట్టి ఆ రెండూ, మొదలే పంపని ఇంకో మూడూ మళ్లీ కొట్టాలి. ప్లేట్లు చేసే సీటీపీ సెంటర్ వాళ్లకు ఫోన్ చేస్తే రెండేళ్ల జాబుల పీడీఎఫ్‌లు వాళ్ల దగ్గర ఉన్నాయన్నారు. ఒక హార్డ్‌డిస్క్ తెచ్చుకోమన్నారు.

స్పేర్స్ గారూ, 72 గంటలు దాటిపోయాయి. నేను మెయిల్ చేయలేదు. పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

ఇక సిస్టమ్‌ని ఎలా శుభ్రం చేయాలో చెప్పండి.

లాగ్‌బుక్
గురువారం, రాత్రి 10:40

చాలా సంతోషంగా ఉంది. క్లోన్ ఉంది కాబట్టి ఇప్పుడు ఫార్మాట్ చేయొచ్చు, అదే మంచిది. వేరే సిస్టమ్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ మొత్తం కొత్తగా వేయండి. ఫార్మాట్ చేయలేని వాళ్ల కోసం చెబుతున్నాను: విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, విండోస్ మొదలవక ముందే వెతుకుతుంది. అది అయ్యాక టాస్క్ షెడ్యూలర్‌లో టైమ్ ట్రిగ్గర్ టాస్క్ అనేది మిగిలిందేమో చూడాలి. వైరస్ తనను తాను మళ్లీ మళ్లీ లేపుకునేది దాంతోనే. కొత్తగా పెట్టిన ఫైళ్లకూ తోక వస్తోందంటే అది బతికే ఉన్నట్టు. హోస్ట్స్ ఫైలు కూడా చూడాలి. యాంటీవైరస్ సైట్లు తెరుచుకోకుండా అందులో అడ్డు వరుసలు రాసి పెడుతుంది. షాడో కాపీలు, అంటే విండోస్ తానే దాచుకునే ఫైళ్ల పాత కాపీలు, సాధారణంగా చెరిపేస్తుంది, అయినా షాడో ఎక్స్‌ప్లోరర్‌తో ఒకసారి చూడటంలో తప్పు లేదు. ఒక్కోసారి చెరపడం విఫలమవుతుంది.

కొత్త విండోస్‌లో రోజువారీ పనికి అడ్మిన్ కాని ఖాతా పెట్టుకోండి. ఫైలు తోకలు కనిపించే సెట్టింగ్ ఆన్ చేయండి. మీకు పార్టీలు మ్యాటరు మెయిల్‌లో, పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. పీడీఎఫ్ బొమ్మతో ఉండి చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే అది మ్యాటరు కాదు, ప్రోగ్రామ్.

బడి కంప్యూటర్ ల్యాబ్, విజయవాడ
శుక్రవారం, ఉదయం 6:50

గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెడితే బ్యాకప్ అయినట్టేనా?

మిర్చియార్డు లెక్కలు, గుంటూరు
శుక్రవారం, ఉదయం 9:15

పూర్తిగా కాదు సార్. సిస్టమ్‌లో తాళం పడితే తాళం పడిన ఫైలే పైకి వెళ్లి కూర్చుంటుంది. డ్రైవ్‌లో పాత వెర్షన్లు 30 రోజులు ఉంటాయి, వాటిని ఒక్కోటి వెనక్కి తెచ్చుకోవాలి, ఫైళ్లు వేలల్లో ఉంటే నరకం. మేం ఇప్పుడు రెండు డిస్క్‌లు పెట్టుకున్నాం. ఒకటి సోమ, బుధ, శుక్ర, ఇంకోటి మంగళ, గురు, శని. బ్యాకప్ అవగానే పీకేస్తాం. ఒకటి కొట్టులో బీరువాలో, ఇంకోటి ఓనర్ గారి ఇంట్లో. నెలకోసారి అందులోంచి ట్యాలీ తెరిచి ఒక రైతు ఖాతా చూస్తాను. తెరుచుకుందని కళ్లతో చూస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. రిమోట్ డెస్క్‌టాప్ రూటరులో మూయించేశాను. ఓనర్ గారికి సాయంత్రం లెక్క వాట్సాప్‌లో పంపుతున్నాను.

శుభలేఖల షాపు, గుంటూరు
ఆదివారం, రాత్రి 8:30

ఐదు కార్డులూ మళ్లీ కొట్టడం అయిపోయింది. మూడు రాత్రులు మా వాడు నాతో పాటే కూర్చున్నాడు. నేను చదువుతుంటే వాడు కొట్టాడు. పేర్లలో ఒత్తులు నాకన్నా వాడే బాగా పట్టుకున్నాడు. 11 రోజుల పెళ్లి వాళ్లు ఇవాళ కార్డులు తీసుకెళ్లారు. శుక్రవారం నుంచి వాడు అన్నం సరిగ్గా తింటున్నాడు.

ఫొటో సాఫ్ట్‌వేర్ బదులు గింప్ వేసుకున్నాం, ఉచితమే. సీటీపీ సెంటర్‌కి రేపు మా వాడు డిస్క్ తీసుకుని వెళ్తున్నాడు. తాళం పడిన పాత డిస్క్ మీద తేదీ రాసి, రీడ్‌మీ కాగితం చుట్టి బీరువాలో పెట్టాను. లాగ్‌బుక్ గారూ, రెండో తాళానికి ఎప్పుడైనా చెవి దొరికితే ఇక్కడే రాయండి. అందులో మా నాన్నగారి ఫొటోలున్నాయి.

లాగ్‌బుక్
ఆదివారం, రాత్రి 8:44

తప్పకుండా రాస్తానండీ. మీ ఫైళ్ల తోక నాలుగు అక్షరాలూ నా దగ్గర రాసి పెట్టుకున్నాను.